బత్తాయిరసం ఊరు దాటదెందుకు?

పిల్లలూ, మీ వీధి చివర ఒక పండ్లరసం కొట్టు ఉండే ఉంటుంది. బత్తాయిలను గోపురంలాగా పేర్చి, పక్కన అరటిగెల వేలాడదీసి, ముందు నాలుగు గాజుగ్లాసులు బోర్లించి ఉంచుతారు. ఆ కొట్టుకు పక్క ఊళ్లో శాఖ ఉన్నదా? బహుశా ఉండదు. మహా అయితే ఆ యజమాని తమ్ముడు ఇంకో వీధిలో ఇంకో కొట్టు పెట్టుకుని ఉంటాడు. అంతే!

అదే కాఫీ సంగతి చూడండి. అమెరికాలో సియాటిల్ అనే రేవుపట్నం ఉన్నది. అక్కడ కూరగాయలూ చేపలూ అమ్మే సంత ఒకటి ఉన్నది. దాని దగ్గర 1971లో ముగ్గురు స్నేహితులు కలిసి ఒక చిన్న కొట్టు పెట్టారు. దాని పేరు స్టార్‌బక్స్. ఇవాళ ఆ పేరుతో ప్రపంచంలో 40 వేలకు పైగా కొట్లున్నాయి. 2012లో టాటావారితో పొత్తు కలిసి మన దేశానికీ వచ్చింది. మొదటి కొట్టు బొంబాయిలో తెరిచారు. తర్వాత మన హైదరాబాదుకూ వచ్చింది.

మరి బత్తాయిరసం ఏం పాపం చేసింది? అది కాఫీకన్నా రుచి తక్కువా? మండుటెండలో నడిచి వచ్చినవాణ్ణి అడగండి, ఏది కావాలంటాడో! మరి కాఫీ కొట్టు ఖండాలు దాటితే, రసం కొట్టు వీధి మలుపు కూడా తిరగలేకపోయిందెందుకు?

ఈ ప్రశ్న నాకు నాగా తట్టింది కాదు. నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు, అంటే ఇప్పుడు పెద్దవాడే లెండి, చాలా నష్టపోయి వచ్చి అడిగాడు. ఆ కథ చెబుతాను.

హైదరాబాదులో నాంపల్లి రైల్వేస్టేషను ఉన్నది. అది 1907లో నిజాం కాలంలో కట్టినది. రైల్వేవాళ్లు దాన్ని హైదరాబాదు దక్కన్ అంటారు కాని, ఊరివాళ్లకు అది నాంపల్లే. దానికి దగ్గరలో ఈ కుర్రవాడి తండ్రి పాతికేళ్లకు పైగా బత్తాయిరసం అమ్ముతున్నాడు. నల్లగొండ బత్తాయి తప్ప ఇంకొకటి ముట్టడు. చేత్తో తిప్పే పాత ఇనుప యంత్రం ఒకటి, కత్తి ఒకటి, జల్లెడ ఒకటి, ఇవే ఆయన ఆస్తి. రైలు దిగినవాళ్లు, రైలెక్కబోయేవాళ్లు, దగ్గరి ఆఫీసులవాళ్లు అక్కడ ఆగి ఒక గ్లాసు తాగి వెళతారు. జనవరి వచ్చిందంటే ఇక ఆయనకు పండగే. ఎందుకంటే నాంపల్లిలో ఏటా జనవరి 1న నుమాయిష్ మొదలవుతుంది. ఉస్మానియాలో చదివిన పట్టభద్రులు 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా ప్రారంభించిన ఆ ప్రదర్శన 1946లో ఇప్పుడున్న మైదానానికి మారింది. 46 రోజులపాటు అక్కడ ఇసుక వేస్తే రాలదు. చలికాలమైనా సరే, తిరిగి తిరిగి గొంతెండినవాళ్లు రసం కొట్టు వెతుక్కుంటారు.

కుర్రవాడు డిగ్రీ పూర్తిచేసి తండ్రితో, "నాయినా, మనం ఆబిడ్స్‌లో రెండో కొట్టు పెడదాం. మన పేరు మీదనే పెడదాం. అది నడిస్తే మూడోది, నాలుగోది. కాఫీవాళ్లు పెట్టినట్టు," అన్నాడట. తండ్రి అవుననలేదు, కాదనలేదు. తల్లి తన గాజులు తీసి ఇచ్చింది. వాటిని బ్యాంకులో కుదువపెట్టి ఆబిడ్స్‌లో ఒక చిన్న గది అద్దెకు తీసుకున్నారు.

నాంపల్లి నుంచి ఆబిడ్స్ ఎంతో దూరం కాదు. స్టేషను రోడ్డు పట్టుకుని నడిస్తే ముందు మొజంజాహీ మార్కెట్టు వస్తుంది. నల్లరాతితో, గడియారపు స్తంభంతో కోటలాగా ఉండే ఆ భవనాన్ని ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1935లో కట్టించాడు. తన రెండో కొడుకు పేరు పెట్టాడు. ఒకప్పుడు ఊరికంతటికీ పండ్లు అక్కడినుంచే వెళ్లేవి. తర్వాత పండ్ల టోకు వ్యాపారం గడ్డిఅన్నారానికీ, అక్కడినుంచి 2021లో నగరం వెలుపల బాటసింగారానికీ తరలిపోయింది. అక్కడినుంచి ఇంకొంచెం నడిస్తే పెద్ద తపాలా ఆఫీసు, ఆబిడ్స్ కూడలి. ఆబిడ్స్ అన్న పేరు కూడా ఒక కొట్టువల్ల వచ్చిందేనని మీకు తెలుసా? ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మేనియా దేశపు ఉద్యోగి ఉండేవాడు. ఆయన అక్కడ ఒక దుకాణం పెట్టాడు. ఆ దుకాణం పోయి ఎన్నో ఏళ్లయింది, పేరు మాత్రం పేటకంతటికీ అంటుకుపోయింది.

అంత దగ్గర కనుక మా కుర్రవాడు ఒక ఉపాయం ఆలోచించాడు. రెండుచోట్ల రెండు యంత్రాలూ ఇద్దరు మనుషులూ దేనికి? పొద్దున్నే నాంపల్లిలోనే ఒక పెద్ద కరెంటు యంత్రంలో రసమంతా ఒకేసారి తీసి, స్టీలు క్యాన్లలో పోసి, చుట్టూ మంచుగడ్డలు వేసి, స్కూటరు మీద ఆబిడ్స్‌కు తీసుకుపోతే సరి! అవే పండ్లు, అదే చక్కెర, అదే మంచు. రుచి అదే ఉండి తీరాలి కదా?

పదిగంటలకు తాగినవాళ్లు బాగుందన్నారు. పన్నెండుకు తాగినవాళ్లు మొహం చిట్లించారు. మూడుగంటలకు తాగిన ఒక పెద్దమనిషి గ్లాసు బల్లమీద ఠక్కున పెట్టి, "ఏం కలిపినవయ్యా దీంట్ల? విషం లెక్క చేదుంది," అని అరిచాడు. కుర్రవాడు పండ్లు తెచ్చే వ్యాపారితో పోట్లాడాడు. చక్కెర మార్చాడు. క్యాన్లు మార్చాడు. చేదు పోలేదు. నాలుగోనెల కొట్టు మూసేశాడు. గాజులు బ్యాంకులోనే ఉండిపోయాయి.

అప్పుడు నా దగ్గరికి వచ్చాడు. "సార్, మా నాయిన చేతిల ఏదో ఉంది. నా చేతిల లేదు. గంతే," అన్నాడు.

నేను ఎన్నో ఏళ్లు సామాన్యశాస్త్రం చెప్పినవాణ్ణి. అయినా నాకు జవాబు తెలియలేదు. తెలియదని ఒప్పుకుంటే బాగుండేది. కాని పెద్దరికం అడ్డువచ్చి, "క్యాన్లు సరిగా కడిగి ఉండవు," అన్నాను. అతను మాట్లాడకుండా లేచి వెళ్లిపోయాడు. రోజూ వేణ్ణీళ్లతో తానే స్వయంగా కడిగేవాడని తర్వాత తెలిసింది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మర్నాడు గ్రంథాలయానికి వెళ్లి, రెండుమూడు రోజులు పుస్తకాలు తిరగేసి, అసలు సంగతి తెలుసుకుని, అతన్ని వెతుక్కుంటూ నేనే నాంపల్లి వెళ్లాను.

సంగతి ఏమిటంటే, బత్తాయి తొనల చుట్టూ తెల్లని పొరలుంటాయి కదా? ఆ పొరలలోనూ గింజలలోనూ ఒక పదార్థం ఉంటుంది. పండు పండుగా ఉన్నంతకాలం దానికి చేదు లేదు. మీరు ఒక తొన నోట్లో వేసుకుని నమిలి మింగితే ఏ చేదూ తగలదు. కాని పండును పిండినప్పుడు ఆ పొరలు చితికి, అందులోని పదార్థం రసంలో కలుస్తుంది. రసంలో పులుపు, అంటే ఆమ్లం, ఉంటుంది. ఆమ్లం తగిలిన తర్వాత ఆ పదార్థం మెల్లమెల్లగా మారి లిమొనిన్ అనే మరో పదార్థమవుతుంది. అది మహా చేదు. ఒక లీటరు రసంలో 6 మిల్లీగ్రాములు ఉన్నా చాలు, నాలుక పట్టేస్తుంది. ఈ మార్పు క్షణంలో జరిగేది కాదు. కొన్ని గంటలు పడుతుంది. అందుకే దీన్ని ఆలస్యంగా వచ్చే చేదు అని శాస్త్రజ్ఞులు అంటారు.

తండ్రి ఏం చేసేవాడు? మీరు వచ్చి అడిగాక పండు కోసేవాడు. పాత యంత్రంలో మెల్లగా పిండేవాడు కనుక గింజ నలిగేది కాదు. గ్లాసు మీ చేతికి ఇచ్చేవాడు, మీరు రెండు నిమిషాలలో తాగేసేవారు. లిమొనిన్ పుట్టే వ్యవధే లేదు. కొడుకు యంత్రమో, గింజలనూ పొరలనూ కలిపి రుబ్బేసింది. పైగా రసం గంటల తరబడి క్యాన్లో కూర్చున్నది. మంచు ఆ మార్పును కొంత మందగింపజేస్తుందే తప్ప ఆపలేదు. తండ్రి చేతిలో మంత్రమేమీ లేదు. ఉన్నదల్లా గడియారమే!

మీరు దీన్ని ఇంట్లో పరీక్ష చేసి చూడవచ్చు. రెండు బత్తాయిలు తీసుకోండి. పెద్దవాళ్ల ఎదుట తొక్క తీసి, గింజలతో పొరలతో సహా మిక్సీలో వేసి, వడగట్టండి. సగం వెంటనే తాగండి. మిగతా సగాన్ని మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, సాయంకాలం ఒక్క చెంచాడు నోట్లో వేసుకోండి. తర్వాత మొహం ఎలా పెట్టారో అద్దంలో చూసుకోండి.

చెరకురసం ఇంకా తొందరపాటుది. తీసిన కాసేపటికే నల్లబడుతుంది. చెరకులోని కొన్ని పదార్థాలు గాలిలోని ప్రాణవాయువుతో కలుస్తాయి. చెరకులోనే ఉండే ఒక ఎంజైము ఆ పనిని వేగంగా జరిపిస్తుంది. గానుగవాడు చెరకుతోపాటు నిమ్మచెక్క పెట్టి పిండుతాడు చూశారా? అది రుచికి మాత్రమే కాదు. నిమ్మపులుపు ఆ ఎంజైము జోరును తగ్గిస్తుంది.

ఇప్పుడు కాఫీ దగ్గరికి వద్దాం. కాఫీగింజ ఎండిన గింజ. పచ్చిగా, అంటే వేయించకముందు, అందులో నీరు నూటికి 11, 12 పాళ్లకు మించదు. బస్తాలో వేసి ఓడలో నెలల తరబడి పంపినా చెడదు. 200 డిగ్రీల వేడి దాటేదాకా వేయిస్తే ఆ గింజకు సువాసన పుడుతుంది. ఆ సువాసనకు మాత్రం గాలి శత్రువు. కనుక గాలి చొరకుండా సంచిలో బిగించాలి. అందులోనూ ఒక చిక్కు ఉన్నది. వేయించిన గింజ కొన్ని రోజులపాటు బొగ్గుపులుసు వాయువు వదులుతూ ఉంటుంది. సంచిని పూర్తిగా బిగిస్తే ఉబ్బి పగులుతుంది. అందుకని సంచికి ఒక చిన్న మర అమర్చుతారు. అది లోపలి వాయువును బయటికి పోనిస్తుంది, బయటిగాలిని లోపలికి రానివ్వదు. ఈసారి మీ ఇంటికి కాఫీగింజల సంచి వస్తే ముందువైపు బొత్తాంలాంటి చిల్లు కనిపిస్తుంది, చూడండి.

స్టార్‌బక్స్ మొదటి కొట్టులో ఏమి అమ్మారనుకున్నారు? కప్పులో కాఫీ కాదు! వేయించిన గింజలు. కొన్నవాళ్లు ఇంటికి తీసుకుపోయి కాచుకునేవారు. 1982లో హోవార్డ్ షుల్ట్జ్ అనే ఆయన అందులో ఉద్యోగిగా చేరాడు. 1983లో ఇటలీలోని మిలాన్ నగరానికి వెళ్లి, అక్కడ వీధివీధికీ ఉన్న కాఫీకొట్లను చూసి, మనమూ కప్పులో అమ్ముదామన్నాడు. యజమానులకు అది పెద్దగా రుచించలేదు. చివరికి 1987లో ఆయనే ఆ కంపెనీని కొన్నాడు. గింజ ప్రయాణం చేయగలదు, కాచే యంత్రమూ ప్రయాణం చేయగలదు. ఇంత పొడి, ఇన్ని నీళ్లు, మామూలు గాలిఒత్తిడికి సుమారు 9 రెట్ల ఒత్తిడి, 25, 30 సెకన్లు. ఇది రాసి గోడకు అంటిస్తే నిన్న పనిలో చేరిన కుర్రవాడైనా చేసిపెడతాడు. సియాటిల్‌లోనైనా హైదరాబాదులోనైనా రుచి ఒకటే.

అది మంచిదా చెడ్డదా అని మీరు అడగవచ్చు. కొత్త ఊరికి వెళ్లినవాడికి మంచిదే, మోసపోనన్న ధైర్యం ఉంటుంది. కాని నాకు మాత్రం, చెప్పవద్దూ, ఆ కప్పు తాగుతుంటే ఏ ఊళ్లో ఉన్నానో మరచిపోతున్నట్టుగా ఉంటుంది.

ఎందుకంటే నేను ఆబిడ్స్‌లో ఇరానీ హోటళ్లలో చాయ్ తాగి పెరిగినవాణ్ణి. ఇరాన్ దేశం నుంచి, అందులోనూ చాలామంది యజ్ద్ ప్రాంతం నుంచి, బొంబాయి మీదుగా వచ్చినవాళ్లు ఈ ఊళ్లో హోటళ్లు పెట్టారు. ఆబిడ్స్‌లోని గ్రాండ్ హోటలు 1935లో మొదలయింది. అదే ఆబిడ్స్‌లో ఓరియంట్ అని ఇంకొకటి ఉండేది. రచయితలు, పత్రికలవాళ్లు, రాజకీయాలవాళ్లు అక్కడ కూర్చుని ప్రపంచాన్నంతా చక్కబెట్టేవారు. ఇప్పుడది లేదు. ఈ హోటళ్లు చాలావరకు వీధి మూలల్లో ఉండేవి. మూలకొట్టు అచ్చిరాదని ఇతరులు వదిలేస్తే వీళ్లు చవగ్గా తీసుకున్నారని చెబుతారు. పాలరాతి బల్లలు, వంపుతిరిగిన కర్ర కుర్చీలు, గల్లాపెట్టె దగ్గర కదలకుండా కూర్చున్న యజమాని. ఇద్దరు వచ్చి ఒక్క చాయ్ చెప్పి సగం సగం పంచుకున్నా ఎవరూ ఏమీ అనేవారు కాదు. గంటసేపు కూర్చున్నా లేవమనేవారు కాదు.

ఆ చాయ్ ఎలా చేస్తారో తెలుసా? డికాక్షన్ ఒక పాత్రలో మూత బిగించి సన్నని సెగమీద చాలాసేపు మగ్గుతుంది. పాలు ఇంకో పాత్రలో మరిగి మరిగి చిక్కబడతాయి. అడిగినప్పుడు రెండింటినీ కప్పులో కలుపుతారు. పాలు ఎక్కువ వేస్తే పౌనా. ఈ పనికి పొయ్యి పక్కనే ఒక మనిషి తెల్లవారుజాము నుంచి ఉండాలి. సెగ ఎప్పుడు తగ్గించాలో అతనికి కాగితం మీద ఎవరూ రాసివ్వలేదు. ఆ మనిషి సెలవు పెడితే చాయ్ రుచి మారుతుంది. అందుకే చాలా ఇరానీ హోటళ్లు ఒక్కొక్కటిగానే ఉండిపోయాయి. అద్దెలు పెరిగాయి, పిల్లలు వేరే చదువులు చదివారు, మూలస్థలాలకు ధర వచ్చింది. ఒకదాని తర్వాత ఒకటి చాలా మూతపడ్డాయి.

విచిత్రం ఏమిటంటే, ఆ చాయ్ పక్కన సాసరులో పెట్టే ఉస్మానియా బిస్కట్టు మాత్రం విమానమెక్కింది! బిస్కట్టులో తేమ బహు తక్కువ. తేమ లేనిచోట బూజు పుట్టదు. మొజంజాహీ మార్కెట్టు దగ్గర 1953లో ఖాన్‌చంద్ రమ్నానీ అనే ఆయన కరాచీ బేకరీ ప్రారంభించాడు. దేశవిభజనలో సింధు నుంచి అన్నీ వదులుకుని వచ్చిన కుటుంబం వారిది. వదిలివచ్చిన ఊరి పేరే కొట్టుకు పెట్టుకున్నాడు. ఎన్నో ఏళ్లు ఆ పేరుకు మొజంజాహీ మార్కెట్టే చిరునామా. శాఖలు విస్తరించింది ఈ శతాబ్దంలోనే. ఇప్పుడు ఆ బేకరీ పండ్లముక్కల బిస్కట్లు ఇతర రాష్ట్రాలలోనూ, విదేశాలలోనూ దొరుకుతాయి. నాంపల్లి స్టేషనులో రైలెక్కేవాళ్ల సంచులలో ఆ డబ్బాలు చూస్తూనే ఉంటాను. చాయ్ ఇంటి దగ్గర ఉండిపోయింది, బిస్కట్టు దేశాలు తిరుగుతోంది.

"అయితే రసం పెద్ద వ్యాపారం కాలేదా సార్, ఎక్కడా?" అని మా కుర్రవాడు అడిగాడు. అయింది. కాలిఫోర్నియాలో సాన్ లూయిస్ ఒబిస్పో అనే ఊళ్లో 1990లో కిర్క్ పెరాన్ అనే యువకుడు జ్యూస్ క్లబ్ అని ఒక కొట్టు పెట్టాడు. తర్వాత దాని పేరు జాంబా జ్యూస్ అయింది. అది దేశమంతా పాకింది. ఆస్ట్రేలియాలో ఆడిలైడ్ నగరంలో 2000 సంవత్సరంలో జానిన్ ఆలిస్ అనే ఆమె బూస్ట్ జ్యూస్ ప్రారంభించింది. అదీ అనేక దేశాలకు వెళ్లింది. వాళ్లు చేదును ఎలా తప్పించుకున్నారు? నారింజలాంటి పులుపు పండ్లమీదనే ఆధారపడలేదు. మామిడి, అరటి, స్ట్రాబెర్రీలాంటి గుజ్జుపండ్లు ఎంచుకున్నారు. పండు మాగిన చోటనే ముక్కలు కోసి, ఒక్కొక్క ముక్కా విడివిడిగా రాయిలాగా గడ్డకట్టేటట్టు చేసి, సున్నాకు దిగువ 18 డిగ్రీల చలిలో ఉంచుతారు. అంత చలిలో ఎంజైములు మొద్దునిద్ర పోతాయి. కొట్టులో పెరుగో రసమో పోసి, ఈ ముక్కలు వేసి, మిక్సీ తిప్పితే చాలు, చిక్కని పానీయం సిద్ధం. అంటే వాళ్లు రసాన్ని ప్రయాణం చేయించలేదు. పండును రాయిగా మార్చి పంపించారు! నిజానికి మన మొజంజాహీ మార్కెట్టు దగ్గర ఐస్‌క్రీము కొట్లవాళ్లు సీతాఫలాన్నీ మామిడినీ చలిలో బంధించడం ఎన్నో ఏళ్లుగా చేస్తూనే ఉన్నారు.

ఇలాంటి కొట్లు ఇంత త్వరగా పెరగడానికి ఇంకో కిటుకు ఉన్నది. అన్ని కొట్లూ కంపెనీవారే పెట్టనక్కరలేదు. మీ ఊళ్లో డబ్బున్న ఒకాయన, "నేను పెడతాను, మీ పేరు ఇవ్వండి," అంటాడు. కంపెనీ పేరు ఇస్తుంది, పని నేర్పుతుంది, సరుకు ఎక్కడ కొనాలో చెబుతుంది. అందుకు మొదట కొంత రుసుమూ, తర్వాత అమ్మకంలో వాటా తీసుకుంటుంది. ఒక లెక్క చేద్దాం. వాటా నూటికి 6 రూపాయలనుకోండి. నెలకు 3 లక్షల అమ్మకం ఉంటే కంపెనీకి ఎంత? 18 వేలు. బాగానే ఉన్నది. కాని ఆ నెలలో సరుకూ జీతాలూ అద్దే కలిపి 2 లక్షల 90 వేలు అయితే? మిగిలింది 10 వేలు. కంపెనీ వాటా లాభంమీద కాదు, అమ్మకంమీద. కనుక కొట్టు పెట్టినాయన చేతినుంచి 8 వేలు పోతాయి. పెద్దలు ఇలాంటి ఒప్పందాల మీద సంతకం చేసేముందు ఐదోతరగతి లెక్క ఒకసారి చేసుకుంటే మంచిది.

అప్పుచేసి పెరిగే పద్ధతి ఇంకొకటి. మన దేశంలోనే చూడండి. చిక్కమగళూరు కాఫీతోటల కుటుంబంలో పుట్టిన వి. జి. సిద్ధార్థ 1996లో బెంగుళూరు బ్రిగేడ్ రోడ్డులో కెఫే కాఫీ డే మొదటి కొట్టు తెరిచాడు. అక్కడికి దగ్గరలోనే, 17వ శతాబ్దంలో, బాబా బుడన్ అనే ఫకీరు యెమెన్ నుంచి ఏడు కాఫీగింజలు తెచ్చి నాటాడని ప్రతీతి. ఆ నేలమీద పుట్టిన కంపెనీ ఆస్ట్రియా రాజధాని వియన్నాలో కూడా కొట్టు పెట్టింది. 2019 నాటికి దేశంలో సుమారు 1,700 కొట్లు. హైదరాబాదులో కాలేజీ పిల్లలకు కాఫీ అంటే అదే అన్నంతగా ఉండేది. కాని ఆ పెరుగుదల వెనక వేలకోట్ల అప్పు ఉన్నది. 2019లో సిద్ధార్థ మరణించాడు. ఆ తర్వాత కరోనా వచ్చింది. లాభం లేని కొట్లు మూసేస్తూ, అప్పు తీరుస్తూ, కంపెనీ 500 కొట్లలోపుకు దిగివచ్చింది. అలా మూతపడ్డ ప్రతి కొట్టులోనూ నలుగురైదుగురు కుర్రవాళ్లు పనిచేసేవారు. వారి సంగతి పత్రికలలో అంతగా రాలేదు.

దీనికి తారుమారైన కథ కూడా ఒకటి ఉన్నది. ఇండియన్ కాఫీహౌస్ అని వినే ఉంటారు. 1936లో బొంబాయిలో మొదలై, కాఫీ బోర్డు చేతిలో దేశమంతా నడిచింది. 1950ల మధ్యలో బోర్డు ఆ కొట్లను మూసివేయసాగింది. పని పోయినవాళ్లు ఏ. కె. గోపాలన్ ప్రోత్సాహంతో సహకార సంఘాలు పెట్టుకున్నారు. 1957 నుంచి తామే యజమానులై నడుపుకున్నారు. తలపాగా పెట్టుకుని కాఫీ అందించే మనిషే ఆ కొట్టుకు వాటాదారుడన్నమాట.

ఇక మన తెలుగునేల కాఫీ సంగతి చెప్పకపోతే మా కుర్రవాడు ఊరుకోడు. ఇది అతనికి మహా ఇష్టమైన కథ. తూర్పుకనుమలలో, విశాఖకు పైన, అరకులోయ ఉన్నది. అక్కడి గిరిజన రైతులు మిరియాల తీగెలు పాకిన చెట్లనీడలో కాఫీ పండిస్తారు. హైదరాబాదులో ఉన్న నాంది ఫౌండేషన్ వారితో కలిసి పనిచేసి, పండు ఎర్రగా పండాకే కోయడం, విడిగా ఎండబెట్టడం అలవాటు చేసింది. 2017లో అరకు అన్న పేరుతోనే పారిస్ నగరంలో ఒక కాఫీకొట్టు తెరిచారు. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2021లో బెంగుళూరులోనూ కొట్టు పెట్టారు. విదేశపు కాఫీ కంపెనీలు మన ఊరికి రావడం చూశాం. మన కొండల పేరు పారిస్‌లో బోర్డుమీద ఉండడం ఇంకో విధంగా ఉంటుంది.

ఇవన్నీ నేను నాంపల్లిలో బెంచీమీద కూర్చుని చెబుతుంటే తండ్రీకొడుకులిద్దరూ విన్నారు. తండ్రి మధ్యలో లేచి నలుగురికి రసం తీసి ఇచ్చి మళ్లీ వచ్చి కూర్చున్నాడు. "అంటే క్యాన్లు కడగలేదని కాదన్నట్టు," అన్నాడు కొడుకు నావైపు చూడకుండా. "కాదు నాయనా, నాదే తప్పు," అన్నాను.

మరుసటి ఏడు అతను ఆబిడ్స్‌లో మళ్లీ కొట్టు తెరిచాడు. ఈసారి అంతకుముందుకన్నా చిన్నది, రెండు బల్లలు మాత్రమే. బత్తాయి అక్కడ లేదు. ఎండాకాలంలో బంగినపల్లి మామిడి ముక్కలు కోసి డీప్‌ఫ్రీజరులో దాస్తాడు. అవి అయిపోతే సపోటా, సీతాఫలం. రెండోవైపు ఫిల్టర్ కాఫీ. పొడి తూకం వేసి పొట్లాలు కట్టుకుంటాడు, ఎవరు చేసినా ఒకేలా రావాలని. విదేశాలవాళ్లు కోట్లు పెట్టి నేర్చుకున్న పాఠాన్ని ఇతను తల్లి గాజులమీద నేర్చుకున్నాడు. ఆ గాజులు ఇంకా ఇంటికి రాలేదు, నెలనెలా కడుతున్నాడు. మూడో కొట్టు మాట ఎత్తితే, "ముందు గాజులు సార్," అంటాడు.

పోయిన వారం నేను నాంపల్లి వెళ్లాను. పెద్దాయన పండు కోసి, పిండి, వడగట్టి, గ్లాసు నా చేతికి ఇచ్చాడు. అదే సమయానికి జేబులో ఫోను మోగింది. గ్లాసు బల్లమీద పెట్టి మాట్లాడబోయాను. ఆయన గ్లాసు తీసి మళ్లీ నా చేతిలోనే పెట్టాడు.

"ఫోను తర్వాత మాట్లాడున్రి సార్. ముందు తాగున్రి," అన్నాడు. "చేదెక్కుతదని మీరే చెప్పిన్రు కదా!"